ఆ చుక్క ఒక గుప్పెడు చింతపిక్కలు: డిగ్రీ స్టాటిస్టిక్స్ సిలబస్ రాసే పెద్దలకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల యూనివర్సిటీల్లో స్టాటిస్టిక్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులందరికీ నమస్కారం.

ఏ సెమిస్టర్‌లో ఏ పాఠం ఉండాలో, ప్రాక్టికల్ రికార్డులో ఏయే లెక్కలు రాయించాలో, దేనికెన్ని మార్కులో నిర్ణయించేది మీరు. మీరు రాసిన సిలబస్‌ను 22 ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు చెబుతున్న అధ్యాపకురాలిని నేను. మా పిల్లల్లో ఎక్కువమంది తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినవాళ్లు. వాళ్ల ఇళ్లలో డిగ్రీ గడప తొక్కింది వాళ్లే మొదలు. వాళ్ల తరఫున ఒక్క విషయం అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. మొదటి రెండు సెమిస్టర్ల ప్రాక్టికల్స్‌లో కనీసం సగం, పిల్లలు తమ చేత్తో కదిపి చూసే డెమోలకు ఇవ్వండి. వాటికి మార్కులు పెట్టండి.

పోయిన సెమిస్టర్‌లో 118 రికార్డులు దిద్దాను. నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌ను, అంటే గంట ఆకారపు వంపును, ఇచ్చిన డేటాకి ఏరియాస్ పద్ధతిలో ఫిట్ చేసే ప్రయోగం అన్నిట్లోనూ ఉంది. ఎవరో ఒకరు టేబుల్ చూసి 0.4332 ఎక్కించబోయి 0.4322 అని ఎక్కించారు. అదే తప్పు, అదే గడిలో, 31 రికార్డుల్లో కనబడింది. వైవాలో ఒకబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ లెక్క ఎందుకు చేశాం నాన్నా?" అని మెల్లగా అడిగాను. కాసేపు ఆలోచించి, "రికార్డులో ఉంది కదా మేడమ్" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. మనం వాడికి ఇంకో కారణం ఎప్పుడూ చూపించలేదు.

మన సబ్జెక్టుకి ఒక ఇబ్బంది ఉంది. ఫిజిక్స్ ల్యాబులో లోలకం ఊగుతుంది. కెమిస్ట్రీ ల్యాబులో చుక్క పడగానే రంగు మారుతుంది. స్టాటిస్టిక్స్‌లో అసలు సంగతంతా "మళ్లీ తీస్తే ఏమొచ్చేది?" అన్న ప్రశ్నలో ఉంటుంది. స్టాండర్డ్ ఎర్రర్ (శాంపిల్ మారితే సగటు ఎంత ఊగుతుందో చెప్పే కొలత) అన్నా, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ కోసం శాంపిల్ నుంచి కట్టే హద్దులు) అన్నా, పి-వాల్యూ (అసలు తేడా ఏమీ లేకపోయినా ఇంతటి ఫలితం వచ్చే అవకాశం) అన్నా మనం మాట్లాడేది తీయని శాంపిల్స్ గురించి కూడా. పుస్తకంలో మాత్రం శాంపిల్ ఒక్కసారే వస్తుంది. ఎన్నిసార్లు పేజీ తిప్పినా అచ్చయిన ఆ పది అంకెలు అవే పది అంకెలు. అందుకే స్టాండర్డ్ ఎర్రర్ అంటే సిగ్మా బై రూట్ ఎన్ (సిగ్మా అంటే అంకెల చెదురు, ఎన్ అంటే శాంపిల్ సైజు) అని పిల్లలకు నోటికొస్తుంది కానీ, సగటుకి ఎర్రర్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. "సగటు ఒక్కటే కదా మేడమ్, దానికి మళ్లీ డిస్ట్రిబ్యూషన్ ఏంటి?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. చాలా మంచి ప్రశ్న అది. చాక్‌పీసుతో దానికి జవాబు చెప్పడానికి నేను ఏళ్ల తరబడి ప్రయత్నించాను.

చివరికి చింతపిక్కలతో చెప్పాను. మా ఇంట్లో చింతపండు వలిచినప్పుడు దాచిపెట్టిన పిక్కల్లోంచి వెయ్యి లెక్కపెట్టి, వాటిలో 300 పిక్కలకు తెల్ల పెయింట్ వేశాను. పెద్ద స్టీలు గిన్నెలో అన్నీ కలిపి క్లాసుకి పట్టుకెళ్లాను. మొత్తం వెయ్యి అని చెప్పాను, తెల్లవెన్నో చెప్పలేదు. ఒక్కొక్కరూ వచ్చి కళ్లు మూసుకుని 20 పిక్కలు తీయాలి. తెల్లవి లెక్కపెట్టి, బోర్డు మీద ఆ అంకె పైన ఒక చుక్క పెట్టాలి. పిక్కలు మళ్లీ గిన్నెలో వేసి కలపాలి. మొదటి అమ్మాయికి 8 వచ్చాయి. రెండో అబ్బాయికి 4. "నువ్వు సరిగ్గా కలపలేదు" అని గొడవ మొదలైంది. పదిమంది అయ్యేసరికి గొడవ ఆగిపోయింది, ఎవరి తప్పూ లేదని వాళ్లకే తెలిసింది. నలభై మందీ అయ్యాక చూస్తే 6 చుట్టూ చుక్కలు గుట్టగా పేరుకున్నాయి. 2 మీద ఒకటి, 10 మీద ఒకటి. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "గిన్నెలో తెల్లవి ఓ 300 ఉంటాయి మేడమ్" అంది. ఎలా చెప్పావంటే, "గుట్ట నడుం 6 దగ్గరుంది కదా, ఇరవైకి ఆరు" అంది. ఆ గుట్ట పేరే శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్, ఆ మాట అప్పటికి నేనింకా నోరెత్తి పలకలేదు.

అయితే ఒక పీరియడ్‌లో నలభై గుప్పెళ్ల కంటే తీయలేం. ఇరవైకి బదులు 80 పిక్కలు తీస్తే గుట్ట ఎలా మారుతుందో చూడాలంటే ఇంకో రెండు పీరియడ్లు కావాలి, లెక్కపెట్టలేక పిల్లల ఓపిక అయిపోతుంది. డెమో అందుకోవాల్సింది అక్కడే. ఫోన్ స్క్రీన్ మీద అదే గిన్నె, అందులో అదే 30 శాతం తెల్లవి. ఒక బటన్ నొక్కితే ఒక గుప్పెడు, ఒక చుక్క. పక్క బటన్ నొక్కితే వెయ్యి గుప్పెళ్లు. కింద స్లైడర్‌ను 20 నుంచి 80కి జరిపితే గుట్ట సన్నబడుతుంది. ఎంత సన్నబడిందో పిల్లలు స్క్రీన్ మీద స్కేలు పెట్టి కొలిచారు. శాతాల్లో చూస్తే వెడల్పు దాదాపు సగమైంది. శాంపిల్ నాలుగు రెట్లు చేస్తే ఊగిసలాట సగానికే తగ్గిందని వాళ్లే కనిపెట్టారు. "ఇంకా సగం కావాలంటే 320 తీయాలా మేడమ్?" అన్నాడొకడు. ఆ రోజు ఫార్ములాలో రూట్ ఎందుకుందో నేను విడిగా చెప్పనక్కర్లేకపోయింది.

గిన్నె తీసుకెళ్లడానికి బద్ధకించి నేరుగా ఫోన్‌తో మొదలుపెట్టిన సంవత్సరం కూడా ఒకటుంది. ఆ ఏడు పిల్లలు స్క్రీన్ మీద చుక్కలు రాలుతుంటే వాన చూసినట్టు చూశారు. ఒక్క చుక్క అంటే ఏమిటని అడిగితే "ఒక పిక్క" అన్నారు కొందరు, "ఒక స్టూడెంట్" అన్నారు ఇంకొందరు. గిన్నెతో మొదలుపెట్టిన ఏళ్లలో ఇదే ప్రశ్నకు "ఒక గుప్పెడు" అని వెంటనే వస్తుంది. శాంపిల్‌ను బట్టి మొత్తం గురించి చెప్పే ఇన్‌ఫరెన్స్ పేపరంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది. అందుకే నా విన్నపంలో డెమో అన్నప్పుడల్లా దాని ముందు చేత్తో పట్టుకునే వస్తువు కూడా ఒకటి ఉందనుకోండి.

ఇదంతా కొత్త ఫ్యాషన్ అనుకునేవాళ్లు ఉన్నారు. 1908 సంగతి చెబుతాను. చిన్న శాంపిల్స్ సగటులను పరీక్షించే టి-టెస్ట్ పాఠంలో "స్టూడెంట్" అని పేరొస్తుంది కదా, ఆయన విలియం గాసెట్, డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. చిన్న శాంపిల్స్ మీద తన పేపర్ రాస్తున్నప్పుడు 3,000 మంది నేరస్థుల ఎత్తు, ఎడమచేతి మధ్యవేలి పొడవు 3,000 అట్టముక్కల మీద రాసుకున్నాడు. వాటిని బాగా కలిపి నాలుగేసి చొప్పున తీశాడు. మొత్తం 750 శాంపిల్స్. తన సూత్రం చెప్పినదీ, ముక్కల్లో వచ్చినదీ ఎంతవరకు సరిపోతున్నాయో పోల్చి చూసుకున్నాడు. సూత్రం కనిపెట్టిన మనిషే ముక్కలు కలిపి తీసి చూసుకుంటే తప్ప ఒప్పుకోలేదు. మన పిల్లలకు మాత్రం సూత్రం ఇచ్చి, టేబుల్ ఇచ్చి, నమ్మమంటున్నాం. ఆయనకు చేత్తో చేయాల్సి వచ్చిన 750 శాంపిల్స్ ఇవాళ ఆరేడు వేల రూపాయల ఫోన్ రెప్పపాటులో తీసిపెడుతుంది.

నాణెం సంగతీ అంతే. జాన్ కెరిచ్ అనే గణిత అధ్యాపకుడు రెండో ప్రపంచయుద్ధంలో డెన్మార్క్‌లో చిక్కుకుపోయాడు. నిర్బంధ శిబిరంలో ఉండగా ఒక నాణేన్ని 10,000 సార్లు ఎగరేసి లెక్క రాసుకున్నాడు. మొదటి 10లో 4 బొమ్మలు, 100లో 44, 1,000లో 502, 10,000లో 5,067. ఈ అంకెలు బోర్డు మీద రాసి, సగానికీ వీటికీ తేడా ఎంతో పిల్లల్నే చెప్పమంటాను. 1, 6, 2, 67. తేడా తగ్గుతుందనుకుంటే పెరిగింది! శాతం మాత్రం 40 నుంచి 44కి, 50.2కి, 50.67కి వచ్చి సగం దగ్గరే కుదురుకుంది. తర్వాత డెమోలో రెండు గ్రాఫులు పక్కపక్కన నడిపిస్తాను. ఒకదాంట్లో శాతం గీత మెల్లగా 50ని పట్టుకుంటుంది. రెండోదాంట్లో బొమ్మలకూ బొరుసులకూ ఉన్న తేడా ఎటుపడితే అటు తిరుగుతూ ఉంటుంది, సున్నాకి రావాలన్న తొందరేం దానికి ఉండదు. వరసగా నాలుగు బొరుసులు పడితే అయిదోసారి బొమ్మ పడి తీరాలని ఊళ్లో అందరూ నమ్ముతారు. ఆ నమ్మకంతోనే బెట్టింగ్ యాప్‌లలో ఫీజు డబ్బులు పోగొట్టుకున్న కుర్రాళ్లు నా క్లాసులోనే కూర్చున్నారు. పోయిన డబ్బు తర్వాతి ఆటలో తిరిగొస్తుందని వాళ్లకు చెప్పింది ఈ నమ్మకమే. ఆ రెండో గ్రాఫు ముందు వాళ్లు ఎంతసేపు నిలబడ్డారో నేను చూశాను.

కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ డెమో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మధ్యలో ఒక నిలువు గీత, అది అసలు సగటు. దాని మీదుగా వంద అడ్డగీతలు, ఒక్కొక్కటి ఒక్కో శాంపిల్ నుంచి వచ్చిన ఇంటర్వెల్. నిలువు గీతను తాకినవి నీలం, తాకనివి ఎరుపు. 95 శాతం అని పెట్టి నొక్కితే ఒకసారి 4 ఎర్రవి వస్తాయి, ఇంకోసారి 7, ఇంకోసారి 3. సరిగ్గా అయిదే ఎందుకు రావట్లేదని పిల్లలు అడుగుతారు, అది కూడా పాఠమే. రెండేళ్ల కిందట ఒకమ్మాయి అందరూ వెళ్లిపోయాక కూడా స్క్రీన్ చూస్తూ కూర్చుంది. "మేడమ్, నిజంగా సర్వే చేస్తే మనకు ఒక్క గీతే కదా వచ్చేది. అది నీలందో ఎర్రదో ఎలా తెలుస్తుంది?" అంది.

తెలియదమ్మా అన్నాను. నిలువు గీత బయట మనకెప్పుడూ కనబడదు, ఈ స్క్రీన్ మీదే కనబడుతుంది. 95 అన్నది మన చేతిలో ఉన్న ఆ ఒక్క గీతకు ఇచ్చిన మార్కు అనుకోకు, అలాంటి గీతలు గీసే పద్ధతికి ఉన్న పేరు అది. ఆ అమ్మాయి ముఖంలో కొంచెం భయం కనబడింది. ఈ సబ్జెక్టులో ఆ భయం పడాల్సిందే. నా సర్వీసులో ఈ ప్రశ్న అడిగిన మొదటి విద్యార్థిని ఆమె. అంతకుముందు పిల్లలకు తెలివి లేక కాదు, అడగడానికి వాళ్ల ముందు గీతలే లేవు.

విద్యార్థి ప్రశ్న ఎంత దూరం పోతుందో మన సి.ఆర్. రావు గారి జీవితంలోనే ఉంది. వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎం.ఏ. చేసి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లిన తెలుగువాడాయన. కలకత్తాలో పాఠం చెబుతూ, పెద్ద శాంపిల్స్‌కు వర్తించే, స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఫిషర్ ఫలితం ఒకటి వివరిస్తుంటే, చిన్న శాంపిల్స్‌కు కూడా ఇలాంటిది చూపించలేమా అని ఒక విద్యార్థి అడిగాడు. రావు గారు ఆ రాత్రి కూర్చుని లెక్క తేల్చి, మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అచ్చయిన ఆ ఫలితాన్నే, అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పేదాన్ని, మనం క్రామర్-రావు ఇనీక్వాలిటీ అని అయిదో సెమిస్టరో ఆరో సెమిస్టరో చెబుతున్నాం. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చినప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లో స్వీట్లు పంచాం. పంచుతూ నేను అనుకున్నది ఒకటే. మా క్లాసులో అలాంటి ప్రశ్న పుట్టే వీలు మేం ఉంచామా?

సగటు, మధ్యగతం లాంటి చిన్న పాఠాలకు గిన్నె కూడా అక్కర్లేదు. అయిదుగురు రైతులు, 1, ఎకరంన్నర, 2, రెండున్నర, 3 ఎకరాలు. సగటు 2, మధ్యగతం 2. చివరి చుక్కను వేలితో పట్టుకుని 53 ఎకరాల దాకా లాగితే సగటు పరుగెత్తి 12 దగ్గర ఆగుతుంది, మధ్యగతం రెండెకరాల దగ్గరే కూర్చుంటుంది. ఊళ్లో సగటున ఒక్కో రైతుకి 12 ఎకరాలున్నాయని ఎవరైనా కాగితం మీద రాస్తే దానర్థం ఏమిటో ఇక మా పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. పది నిమిషాల పని.

చేత్తో లెక్క చేయకపోతే పునాది ఎక్కడుంటుందని సీనియర్లు అడుగుతారు. న్యాయమైన మాట. నేను కూడా చేత్తో చేయించాను, ఏం జరిగిందో వినండి. 1973లో ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ ఇచ్చిన నాలుగు డేటా సెట్లున్నాయి, ఒక్కోదాంట్లో 11 జతలు. క్లాసుని నాలుగు గుంపులు చేసి గుంపుకొకటి ఇచ్చాను. సగటులు, వేరియన్స్ (అంకెల చెదురు), కోరిలేషన్ (రెండూ ఎంతగా కలిసి నడుస్తాయో), రిగ్రెషన్ లైను (చుక్కలకు బాగా దగ్గరగా పోయే గీత), అన్నీ పూర్తి పట్టికలతో. గంట పట్టింది. మొదటి గుంపుకి ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, కోరిలేషన్ 0.816, లైను వై ఈక్వల్స్ 3 ప్లస్ అర ఎక్స్. రెండో గుంపుకీ అవే. మూడో గుంపు లేచి, "మేడమ్, వాళ్లు మా పేపర్ చూసి రాశారు" అని ఫిర్యాదు చేసింది. నాలుగో గుంపుకీ అవే అంకెలు, కోరిలేషన్‌లో మూడో దశాంశం ఒకటి తేడా. ఎవరూ ఎవరిదీ చూడలేదు, అందరి లెక్కలూ కరెక్టే. అప్పుడు గ్రాఫులు గీయమన్నాను. మొదటిది మామూలుగా చెదిరిన చుక్కలు. రెండోది చక్కటి వంపు. మూడోది తిన్నని గీత, ఒక్క చుక్క మాత్రం ఎక్కడో పైన. నాలుగోదాంట్లో పది చుక్కలు ఒకే నిలువు వరసలో, పదకొండోది చాలా దూరంగా ఒంటరిగా. నాలుగు పేపర్లు బల్ల మీద పక్కపక్కన పెట్టాక క్లాసంతా చుట్టూ మూగింది. గంటసేపు చేత్తో చేసిన నలభై మందిలో ఒక్కరికి కూడా తమ డేటా ఏ ఆకారంలో ఉందో తెలియలేదు. పునాది అన్నమాట వచ్చినప్పుడు నాకు ఆ బల్ల గుర్తొస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది. డెమో పెట్టగానే పని అయిపోదు. స్లైడర్ అటూ ఇటూ జరుపుతూ రంగులు చూసి "సూపర్ మేడమ్" అని వెళ్లిపోయే ప్రమాదం చాలా ఉంది. నేను నేర్చుకున్న కిటుకు ఒక్కటే, నొక్కకముందు రాయించడం. ఏమవుతుందనుకుంటున్నావో రాయి, తర్వాత నొక్కు, ఏమైందో రాయి, నువ్వనుకున్నదానికీ దీనికీ తేడా ఎందుకొచ్చిందో రాయి. నాణేన్ని పదిసార్లు వేస్తే సరిగ్గా 5 బొమ్మలు పడే అవకాశం ఎంతని అడిగితే సగానికి పైనేనని రాస్తారు చాలామంది. అసలు సంఖ్య 24.6 శాతం. ముందు రాసినవాళ్లు ఆ సంఖ్య చూసి ఉలిక్కిపడతారు. రాయనివాళ్లు "అవును, అంతే ఉంటుంది" అంటారు. మార్కులు కూడా ఈ రాతకే పెట్టమంటున్నాను. ముందు అనుకున్నది తప్పయినా సరే, నిజాయితీగా రాసి, తర్వాత కారణం చెప్పగలిగితే పూర్తి మార్కులివ్వండి. 31 మంది ఒకే తప్పును కాపీ కొట్టే రికార్డు అప్పుడు రాదు, ఎందుకంటే ఒక్కొక్కరి తప్పు ఒక్కో రకంగా ఉంటుంది.

ఇంకొక సంగతి. కళ్లతో చూసి నేర్చుకోవడం అని ఇంత రాస్తున్నాను కదా, మూడేళ్ల కిందట బీఏలో ఎకనామిక్స్‌తో పాటు స్టాటిస్టిక్స్ తీసుకున్న ఒక కుర్రాడికి చూపు లేదు. ఆ వారం నాకు నిద్రపట్టలేదు. 1870లలో ఫ్రాన్సిస్ గాల్టన్ చేయించిన మేకుల బల్ల గుర్తొచ్చింది. పైనుంచి గుళ్లు వదిలితే మేకులకు తగిలి అటో ఇటో పడుతూ కింద గళ్లలో పేరుకుంటాయి. మా ఊళ్లో వడ్రంగిని బతిమాలి అలాంటిదొకటి చేయించాను, సైకిల్ షాపు నుంచి బేరింగుల్లో వేసే చిన్న బాల్స్ తెచ్చాను. ఆ అబ్బాయి పైనుంచి బాల్స్ పోసి, చప్పుడు వింటూ ఆగి, అన్నీ పడ్డాక కింద గళ్ల మీద వేళ్లు జరిపాడు. ఎడమవైపు నుంచి మొదలుపెట్టి, ఖాళీ గడి, ఒకటి, నాలుగు, ఎత్తు పెరుగుతూ మధ్యకొచ్చి, మళ్లీ దిగుతూ కుడివైపు చివరిదాకా. రెండోసారి పోసి మళ్లీ తడిమాడు. "మళ్లీ ఇదే ఆకారం వచ్చింది మేడమ్, కానీ గళ్లలో లెక్క మాత్రం మారింది" అన్నాడు. కళ్లున్న మేమెవరం ఇంత శుద్ధంగా ఆ మాట చెప్పలేదు. మీరు పెట్టే ప్రయోగాల్లో ప్రతిదానికీ చేత్తో తడిమి చేసే రూపం కూడా ఒకటి రాయండి.

ఖర్చు గురించి మీరు అడుగుతారని తెలుసు. చాలా కాలేజీల్లో ప్రొజెక్టరు పనిచేయదు, ల్యాబులో సగం కంప్యూటర్లు పాతవి, నెట్ మధ్యాహ్నానికి పోతుంది. అయినా ఎక్సెల్ ప్రాక్టికల్స్ మీ సిలబస్‌లో ఇప్పటికే ఉన్నాయి. ఒక గడిలో ర్యాండ్‌బిట్వీన్ ఫార్ములా రాసి 1 నుంచి 6 అని పెడితే అది పాచిక. పది గడుల సగటు తీసి, ఎఫ్9 మీట నొక్కండి. పాచికలన్నీ మళ్లీ పడతాయి, సగటు మారుతుంది. ఎఫ్9 నొక్కుతూ సగటు ఎంత వరకు ఊగుతోందో చూడమంటే అదే శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్. కొత్తగా పైసా ఖర్చు లేదు. కానీ ప్రస్తుతం ఎక్సెల్ ప్రాక్టికల్ అంటే ఇచ్చిన అంకెలు టైపు చేసి సగటు ఫార్ములా వేయడం, ప్రింటు తీసి అంటించడం. ఆ మీట మీద వేలు పెట్టించే వాక్యం ఒక్కటి సిలబస్‌లో లేదు.

తెలుగులో డెమోలు కావాలి. ఇంగ్లీషులో మంచివి చాలా ఉన్నాయి. బ్రౌన్ యూనివర్సిటీలో డేనియల్ కునిన్ డిగ్రీ చదువుతూనే 'సీయింగ్ థియరీ' అనే వెబ్‌సైట్ తయారుచేశాడు, నాణెం దగ్గర మొదలై రిగ్రెషన్ దాకా అన్నీ వేలితో కదుపుతూ నేర్చుకోవచ్చు. మా పిల్లలు దాన్ని ఇష్టపడతారు కానీ పక్కనున్న వివరణ చదవలేక నన్ను పిలుస్తారు. డిగ్రీ కుర్రాడు చేసిన పని అన్నాను, గమనించండి. మన దగ్గర మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ కలిపి చదివే పిల్లలున్నారు. వాళ్ల ప్రాజెక్టు పేపరు కింద ఏటా నాలుగు డెమోలు తెలుగులో చేయించండి. నెట్ లేకుండా ఫోన్‌లో తెరుచుకునే చిన్న ఫైలుగా ఉండాలి. సంభావ్యత అనీ, ప్రాబబిలిటీ అనీ రెండు మాటలూ కనబడాలి, ఎందుకంటే పదో తరగతిలో వాళ్లు చదివింది మొదటిది, పరీక్షలో రాయబోయేది రెండోది. మధ్యగతమే మీడియన్ అని తెలియక మొదటి నెలంతా బెదిరిపోయి కూర్చున్న పిల్లల్ని నేను ప్రతి బ్యాచిలో చూస్తాను.

చోటెక్కడుందంటారా? గ్రూపులు కట్టిన డేటాలో వచ్చే చిన్న తేడాల్ని సరిదిద్దే షెప్పర్డ్స్ కరెక్షన్స్ తీసేయండి. నార్మల్ ఫిటింగ్‌లో ఏరియాస్ పద్ధతి ఉండగా ఆర్డినేట్స్ పద్ధతి వేరే ప్రయోగంగా అక్కర్లేదు. గ్రూప్డ్ డేటాకి నాలుగు మూమెంట్లు (డేటా ఆకారాన్ని చెప్పే కొలతలు) చేత్తో కట్టించడం నా దృష్టిలో ఒక్కసారి చాలు. స్టాండర్డ్ డీవియేషన్ మాత్రం చేత్తోనే చేయించాలి, దాన్ని తీసేయమని ఎవరన్నా నేను ఒప్పుకోను. సగటు నుంచి ఒక్కో అంకె ఎంత దూరంలో ఉందో వేలు పెట్టి లెక్కేయకపోతే, స్క్రీన్ మీద వెడల్పు తగ్గిందన్నప్పుడు తగ్గింది ఏమిటో తెలియదు.

ఈ ఉత్తరం తోటి లెక్చరర్లకు కాకుండా మీకెందుకు రాశానంటే, వాళ్లకు ఇష్టం లేక కాదు. మార్కులు లేని పనికి పీరియడ్ ఇస్తే సిలబస్ పూర్తి కాలేదని వాళ్లనే అడుగుతారు. నన్నూ అడిగారు. చింతపిక్కల క్లాసు జరిగిన వారమే, యూనిట్ ఎందుకు వెనకబడిందో రాతపూర్వకంగా జవాబివ్వమన్నారు. ఇచ్చాను. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2005లో ఒప్పుకుని 2016లో సవరించిన మార్గదర్శకాల్లో నిజమైన డేటా వాడమనీ, పిల్లలతో చేయించి నేర్పమనీ, భావనల్ని అర్థం చేసుకోవడానికి టెక్నాలజీ వాడమనీ స్పష్టంగా ఉంది. అది ఉదహరించాను. అది మన సిలబస్ కాదు కదా అన్నారు. వాళ్లన్నదీ నిజమే. మన సిలబస్‌లో ఆ వాక్యం రాయగలిగింది మీరే. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చినప్పుడు రికార్డు పేజీలు తిప్పి సంతకం పెట్టే బదులు, స్లైడర్ జరిపి "ఇప్పుడేమవుతుంది? ఎందుకు?" అని అడిగే రోజు మీరు రాస్తే వస్తుంది. అప్పుడు నాలాంటివాళ్లం టెన్షన్ లేకుండా గిన్నె పట్టుకుని క్లాసుకి వెళ్తాం.

ఏటా జూన్ 29న, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మహలనోబిస్ గారి పుట్టినరోజున, మనందరం స్టాటిస్టిక్స్ డే జరుపుకుంటాం. క్విజ్ పెడతాం, ముగ్గుతో బెల్ కర్వ్ వేస్తాం. దానికి ముందో వెనకో మీ బోర్డు సమావేశం ఎలాగూ ఉంటుంది. అందులో నాకు నలభై నిమిషాలు ఇవ్వండి. పవర్‌పాయింట్ ఏమీ తేను. స్టీలు గిన్నె, పిక్కలు, ఒక పాత ఫోన్ తెస్తాను. మీరు ఎన్నేళ్ల ప్రొఫెసరైనా సరే, కళ్లు మూసుకుని 20 పిక్కలు తీసే ముందు తెల్లవి ఎన్ని వస్తాయో ఒక కాగితం మీద రాసి, మడిచి, బల్ల మీద పెట్టండి.

ఇట్లు,
ఒక డిగ్రీ కళాశాల స్టాటిస్టిక్స్ అధ్యాపకురాలు